సర్కార్లు కలిసి కొంటే...

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని ఊడ్చిపెట్టింది. చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. ఊరు మళ్లీ వెలగాలంటే వీధి దీపాలు కొత్తగా బిగించాల్సిందే. పాత సోడియం దీపాలనే తెచ్చి పెట్టినా ఆ సమయంలో ఎవరూ తప్పు పట్టేవారు కాదు. నగరపాలక సంస్థ మాత్రం కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఇంధన పొదుపు సంస్థ ఈఈఎస్‌ఎల్‌తో చేతులు కలిపి ఎల్‌ఈడీల వైపు వెళ్లింది. 90 వేల దాకా దీపాలు మారిపోయాయి. ఇంచుమించు అదే రోజుల్లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఇంటికి రెండేసి ఎల్‌ఈడీ బల్బులు పంచారు. ఒక్కోటి 10 రూపాయలు. మిగతా ఖర్చును ఆదా అయిన కరెంటు నుంచి డిస్కంలు కట్టుకోవాలని ఒప్పందం.

ఆ పది రూపాయల బల్బు వెనక ఉన్నది సబ్సిడీ కాదు, కొనుగోలు పద్ధతి. 2014 మొదట్లో ఈఈఎస్‌ఎల్ ఒక్కో బల్బు కొన్న ధర 310 రూపాయలు. 2016కల్లా అది 38 రూపాయలకు దిగింది. సాంకేతికత మెరుగుపడిన మాట నిజమే. కానీ రెండేళ్లలో ధర ఎనిమిదో వంతుకు పడిపోవడానికి అసలు కారణం, రాష్ట్రాల అవసరాలన్నీ ఒకే చోట పోగుచేసి కోట్ల సంఖ్యలో టెండరు పిలవడమే. ఇంత సరుకుకు గిరాకీ ఉందని కాగితం మీద కనిపించాక తయారీదారులు ధైర్యంగా యంత్రాలు పెట్టారు. ఉజాలా పేరుతో దేశమంతా పంచిన ఆ బల్బులు 36 కోట్లు దాటాయి. బజారులో కొనుక్కునేవారికి కూడా ధర దిగివచ్చింది.

వాతావరణ మార్పు మీద మాట్లాడేటప్పుడు మన కళ్లు సదస్సుల మీదే ఉంటాయి. ఎవరు ఏ సంవత్సరానికి నెట్ జీరో అన్నారో లెక్కలు వేసుకుంటాం. టెండరు నోటీసు మాత్రం పత్రికల్లో చిన్న అక్షరాల్లో ఓ మూలన ఉంటుంది. సంపన్న దేశాల్లో ప్రభుత్వ కొనుగోళ్లు జీడీపీలో ఎనిమిదో వంతు దాకా ఉంటాయి. ఐరోపా సమాఖ్యలో ఏటా సుమారు 2 లక్షల కోట్ల యూరోలు. మన దేశంలో అది అయిదో వంతు దాకా ఉంటుందని అంచనాలు. ఇంత పెద్ద ఖాతాదారు తనకేం కావాలో స్పష్టంగా అడిగితే ఫ్యాక్టరీలు మారతాయి. ఎంతో మంది ఖాతాదారులు ఒకే మాట అడిగితే ఇంకా త్వరగా మారతాయి.

అయిదు నగరాలు, ఒకే టెండరు

బస్సులతో ఇది మరోసారి రుజువైంది. 2022లో సీఈఎస్‌ఎల్ అనే ఈఈఎస్‌ఎల్ అనుబంధ సంస్థ హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ, కోల్‌కతా, సూరత్ నగరాల కోసం 5,450 ఎలక్ట్రిక్ బస్సులకు ఉమ్మడిగా టెండరు పిలిచింది. అంతకు ముందు ఒక్కో నగరం ఒక్కో రకం బస్సు అడిగేది. ఒప్పంద కాలం వేరు, రోజుకు తిరగాల్సిన కిలోమీటర్లు వేరు, జరిమానాల లెక్కలు వేరు. అయిదు రవాణా సంస్థలనూ కూర్చోబెట్టి అవన్నీ ఒక దారికి తేవడమే ఆ టెండరులో అసలు శ్రమ. 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 43.49 రూపాయలు, 9 మీటర్ల బస్సుకు 39.21 రూపాయలు పలికింది. డీజిల్ బస్సు నడిపే ఖర్చు కన్నా ఇది 27 శాతం తక్కువని సీఈఎస్‌ఎల్ ప్రకటించింది.

ధర దిగినా చిక్కు తీరలేదు. ఈ పద్ధతిలో బస్సు ఆపరేటరుది, ఆర్టీసీ కిలోమీటరు లెక్కన చెల్లిస్తుంది. నష్టాల్లో ఉన్న ఆర్టీసీలు పన్నెండేళ్ల పాటు నెలనెలా బిల్లులు చెల్లిస్తాయా అని బ్యాంకులు సందేహించాయి. చివరికి 2024 సెప్టెంబరులో కేంద్రం 3,435 కోట్ల రూపాయలతో చెల్లింపు భద్రతా పథకం పెట్టాల్సి వచ్చింది. ఆర్టీసీ కట్టలేకపోతే ఆ నిధి కడుతుంది, తర్వాత రాష్ట్రం నుంచి రాబట్టుకుంటుంది. హరిత కొనుగోలు అంటే మంచి వస్తువును ఎంచుకోవడమే అనుకుంటాం కానీ, బిల్లు సమయానికి చెల్లించడం అందులో సగం. పెండింగు బిల్లుల కోసం సచివాలయం చుట్టూ తిరిగిన ఏ గుత్తేదారుకైనా ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఉక్కు, సిమెంటు దగ్గర

బల్బులు, బస్సులు తేలిక. పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టవచ్చు. ఉక్కు, సిమెంటు అలా కాదు. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేసేది బొగ్గులోని కర్బనమే. సిమెంటు బట్టీలో సున్నపురాయిని కాల్చితే ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైగా రాయిలోంచి వచ్చేవే. ఫ్యాక్టరీ కప్పు మీద సోలార్ పలకలు పరిచినంత మాత్రాన అవి ఆగవు. ప్రపంచ కర్బన ఉద్గారాల్లో ఈ రెండు పరిశ్రమల వాటా ఒక్కోటి సుమారు 7 శాతం. రోడ్డు, వంతెన, ప్రాజెక్టు కాలువ, ఆసుపత్రి, బడి, పేదల ఇళ్లు... ఇవన్నీ కట్టించేది ఎక్కువగా ప్రభుత్వాలే.

అందుకే 2021లో క్లీన్ ఎనర్జీ మినిస్టీరియల్ వేదిక మీద, ఐక్యరాజ్య సమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ సమన్వయంతో ఒక కూటమి మొదలైంది. దాని సారథులు భారత్, బ్రిటన్. భారీ పరిశ్రమల కర్బనాన్ని తగ్గించేందుకు ప్రభుత్వాల కొనుగోలు శక్తిని వాడాలన్నది దాని ప్రధాన లక్ష్యాల్లో ఒకటి. కెనడా, జర్మనీ, బ్రిటన్, అమెరికా వంటి దేశాలు 2023 చివర్లో దుబాయ్ వాతావరణ సదస్సు నాటికి ప్రభుత్వ నిర్మాణాల్లో తక్కువ కర్బన ఉక్కు, సిమెంటు కొంటామని ముందుకొచ్చాయి. తొలి మెట్టు చాలా చిన్నది: సరుకు తయారీలో ఎంత కర్బనం వెలువడిందో సరఫరాదారు లెక్క చెప్పాలి. 2030 నుంచి తక్కువ ఉద్గారాల సరుకే తీసుకోవడం తర్వాతి మెట్టు.

లెక్క చెప్పడం చిన్న పనే అనిపిస్తుంది. ఏ లెక్కలో చెప్పాలన్న దగ్గరే దేశాలు విడిపోతున్నాయి. ఒక సంతలో శేరు, ఇంకో సంతలో కిలో వాడితే రెండు చోట్లా అమ్మేవాడు ఏ కాటా కొనాలి? 2024 డిసెంబరులో మన ఉక్కు మంత్రిత్వ శాఖ హరిత ఉక్కుకు నిర్వచనం ఇచ్చింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కన్నా తక్కువ కార్బన్ డయాక్సైడ్ వెలువడితే మూడు నక్షత్రాలు, 1.6 కన్నా తక్కువైతే అయిదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ జీ7 దేశాల కోసం 2022లో సూచించిన 'దాదాపు శూన్య' ఉక్కు గీత మాత్రం తుక్కు కలపకుండా చేసిన టన్నుకు 0.4 టన్నులు. పూర్తిగా తుక్కుతో చేస్తే 0.05. రెండు కొలతల మధ్య ఎంత దూరం!

దీన్ని చూసి మన నిర్వచనం ఉత్త కంటితుడుపు అనేవాళ్లున్నారు. నేనలా అనను. మన సగటు టన్నుకు 2.5 దగ్గర ఉంది. పాత గనులు, బొగ్గు ఆధారిత స్పాంజ్ ఐరన్ బట్టీలు, వేల సంఖ్యలో చిన్న రోలింగ్ మిల్లులు ఉన్న దేశం ఇది. అందరూ ఎక్కగలిగే మెట్టుతో మొదలుపెట్టడంలో తప్పు లేదు. పైగా మూడేళ్లకోసారి గీతను సమీక్షిస్తామన్నారు. ఆ సమీక్షలో గీత నిజంగా కిందికి జరగాలి. ఇంధన సంస్థ లెక్కలోని మరో అంశాన్ని మనం తీసుకోవాలి. తుక్కు ఎంత కలిపారో చూసి దాన్నిబట్టి గీత మార్చడం ఆ పద్ధతి. అది లేకపోతే ప్రభుత్వాలన్నీ తుక్కు ఉక్కు కోసమే ఎగబడతాయి. తుక్కు పరిమితంగానే దొరుకుతుంది. ఆ ఉక్కు ప్రభుత్వ వంతెనకు వెళ్తే, బొగ్గు ఉక్కు ప్రైవేటు అపార్టుమెంటుకు వెళ్తుంది. కాగితం మీద కర్బనం తగ్గుతుంది, గాలిలో తగ్గదు.

ఎల్1 దాటి

మన ఇంజినీరింగ్ శాఖల్లో ఎవరినడిగినా చెప్పే మొదటి అడ్డంకి ఎల్1. తక్కువ కోట్ చేసినవాడికే పని. నాలుగు శాతం ఎక్కువ పెట్టి మంచి ఉక్కు తీసుకున్న ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఆడిట్ అభ్యంతరానికి, విజిలెన్స్ విచారణకు జవాబు చెప్పుకోవాలి. ఆయన భయం న్యాయమైనదే. పట్టుబట్టాల్సింది ఆయన కాదు, నిబంధన మారాలి. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఒక తలుపు తీసింది. కొన్ని రకాల పనుల్లో ధరతో పాటు నాణ్యతకు 30 శాతం దాకా మార్కులు వేయవచ్చని అనుమతించింది. ఆ తలుపులోంచి కర్బనం లెక్క కూడా లోపలికి రావచ్చు.

నెదర్లాండ్స్‌లో ఈ చిక్కును అందంగా విప్పారు. అక్కడి రైల్వే మౌలిక సదుపాయాల సంస్థ ప్రోరైల్ 2009లో గుత్తేదారుల కోసం ఒక కర్బన నిచ్చెన పెట్టింది. మొదట్లో దానికి అయిదు మెట్లుండేవి. ఎక్కిన మెట్టును బట్టి బిడ్లను పోల్చేటప్పుడు ధరను తగ్గించి చూస్తారు. 100 కోట్లు కోట్ చేసిన సంస్థకు 5 శాతం రాయితీ వస్తే పోటీలో దాన్ని 95 కోట్లుగా లెక్కిస్తారు. గెలిస్తే చెల్లించేది మాత్రం 100 కోట్లే. ఎల్1 పద్ధతి అలాగే ఉంటుంది, ఆడిటరు అడగడానికీ ఏమీ ఉండదు. తర్వాత అక్కడి ఇతర ప్రభుత్వ విభాగాలు, పొరుగున బెల్జియం దీన్నే అందుకున్నాయి. ఒకే నిచ్చెన కాబట్టి సరిహద్దు దాటిన గుత్తేదారు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కక్కర్లేదు.

నార్వే రాజధాని ఓస్లో మరో దారి పట్టింది. నగరపాలక నిర్మాణాల్లో డీజిల్ యంత్రాలు వద్దంది. 2019లో ఒక వీధి పనితో మొదలుపెట్టే నాటికి పెద్ద ఎలక్ట్రిక్ ఎక్స్‌కవేటర్లు మార్కెట్లో లేనట్టే. డీజిల్ యంత్రాల ఇంజిన్లు తీసేసి బ్యాటరీలు బిగించి నడిపారు. ఒక్క నగరం అడిగితే తయారీదారులు లైను మార్చరని ఓస్లోకు తెలుసు. అందుకే ఐరోపాలోని ఇతర నగరాలను కలుపుకొని ఉమ్మడి గిరాకీ చూపించింది. 2025 నుంచి ఓస్లో నగరపాలక నిర్మాణ స్థలాలన్నింటికీ ఉద్గారరహిత నిబంధన వర్తిస్తోంది.

వెనకడుగులూ ఉన్నాయి. అమెరికా 2022లో తక్కువ కర్బన నిర్మాణ సామగ్రి కోసం ఒక్క సమాఖ్య కొనుగోలు సంస్థకే 215 కోట్ల డాలర్లు కేటాయించింది, మరుసటి ఏడాది పన్నెండు రాష్ట్రాలతో భాగస్వామ్యం కుదుర్చుకుంది. 2025 జనవరి 20న అధికారం మారిన రోజే ఆ విధానానికి మూలమైన ఉత్తర్వు రద్దయింది. కాలిఫోర్నియా 2017లో చేసిన చట్టం మాత్రం రాష్ట్ర చట్టం కాబట్టి నిలిచింది. ఒక్క సంతకంతో వచ్చిన హామీ ఒక్క సంతకంతో పోతుంది. పది ప్రభుత్వాల చట్టాల్లో, రేట్ల పుస్తకాల్లో చోటు చేసుకున్నదాన్ని తుడిచేయడం అంత తేలిక కాదు.

కృష్ణకు అటూ ఇటూ

ఇక మన దగ్గరికి వస్తే, కృష్ణకు ఒక ఒడ్డున తెలంగాణలోని మేళ్లచెరువు, మట్టంపల్లి, వాటి పక్కనే ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేట. మరో వైపు దాచేపల్లి. సున్నపురాయి నేల ఒకటే, సిమెంటు ఫ్యాక్టరీల పట్టీ ఒకటే. అక్కడి సిమెంటు రెండు రాష్ట్రాల పనులకూ వెళ్తుంది. కాబట్టి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చెరో రకంగా అడిగితే ఫ్యాక్టరీకి తలనొప్పి, ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగితే అది మార్కెట్ నియమం. స్విట్జర్లాండ్, క్యూబా, భారత పరిశోధకులు కలిసి అభివృద్ధి చేసిన ఎల్‌సీ3 సిమెంటు ఉంది. బట్టీలో సున్నపురాయిని కాల్చి తీసే క్లింకర్‌ను సగానికి తగ్గించి కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలుపుతారు. ఉద్గారాలు 40 శాతం దాకా తగ్గుతాయి. దీనికి 2023లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణం కూడా ఇచ్చింది. కానీ ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పుస్తకం)లో లేని వస్తువును ఎస్టిమేటులో రాయడానికి ఏ ఇంజినీరూ సాహసించడు. కొత్త సిమెంటు భవిష్యత్తు ప్రయోగశాలలో కన్నా ఆ రేట్ల పుస్తకంలోనే తేలుతుంది.

అమరావతికి ప్రపంచ బ్యాంకు 2024 డిసెంబరులో 80 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. ఆ బ్యాంకే 2023 సెప్టెంబరు నుంచి తన రుణాలతో జరిగే అంతర్జాతీయ టెండర్లలో ధరతో పాటు ఇతర అంశాలకు మార్కులు వేయడం తప్పనిసరి చేసింది. హైదరాబాద్‌కు కేంద్ర పథకంలో మరో 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. అడగడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. చిన్న మిల్లులు నలిగిపోతాయన్న బెంగ నిజమే, ధ్రువపత్రం ఖర్చు వాళ్లకు భారం. ఆ ఖర్చును తొలి కొన్నేళ్లు ప్రభుత్వాలే భరించాలి. కాలిఫోర్నియా మొదట సరఫరాదారులను కర్బనం అంకె రాసి ఇవ్వమని మాత్రమే అడిగింది. ఆ అంకెలు చేతికొచ్చాక 2022లో పరిమితులు పెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాల ఎస్‌ఎస్‌ఆర్ కమిటీలు వచ్చే ఏడాది రేట్లు సవరించేటప్పుడు సిమెంటు, ఉక్కు వరుసల్లో ధర పక్కన ఒక్క గడి చేర్చితే మన దగ్గరా ఆ పని మొదలవుతుంది.