వాంతిభేది - వీథి యంగడులు

సాయంకాలము కచ్చేరీలు ముగిసినపిమ్మట చెన్నపురి తంబుచెట్టి వీథి మూలలందు బజ్జీల బండ్లచుట్టు మూగువారిలో మన యాంధ్రులు తక్కువ కాదు. కలరా పేరు వినబడినంతనే యా బండ్లను తొలగింపవలెనని జాబులు వ్రాయువారును మనవారే. తప్పు బండివానిదా, నీటిదా యని ముందు విచారింపవలదా?

1854లో లండను నగరమున జాన్ స్నో అను వైద్యుడు బ్రాడ్ వీథి పంపునీటి మూలమున కలరా వ్యాపించుచున్నదని చూపగా, ఆ పంపు పిడిని తీసివేసిరి. ఈ చరిత్రలో మన పట్టణమునకును చోటు కలదు. 1992లో ఓ139 అను క్రొత్త తెగ కలరా క్రిమి మొట్టమొదట కనుగొనబడినది మదరాసులోనే.

నీరు మరగినచో నీ క్రిమి చచ్చును. కావున మూకుటనుండి యప్పుడే తీసిన బజ్జీవలన భయము లేదు. భయమెల్ల పిదప చేరు పచ్చినీటివలననే: చట్నీలో కలిపిన నీరు, ఒకే బాల్చీలో ముంచి తీసిన గ్లాసులు, చెఱకురసములో వేసిన మంచుగడ్డ. మంచుగడ్డ యగుటచే క్రిమి నశింపదు. క్రిమి సోకినవారిలో పెక్కుమందికి రోగలక్షణములే కానరావు గావున, ఆరోగ్యవంతుడుగ కనబడువాడును సబ్బుతో చేతులు కడుగుకొననిచో దానిని పరులకు పంచగలడు. మఱియు గొట్టములలో నీటి యొత్తిడి తగ్గినప్పుడు పగుళ్లగుండ మురుగు లోనికి చొచ్చును. దీనికి బండివాడేమి చేయగలడు?

2014 నాటి వీథి విక్రయదారుల చట్టము పరిశుభ్రతా బాధ్యతను విక్రయదారునిపై మోపినది. వసతులకై రుసుమును చెల్లింపుమన్నది. రుసుము గొనువారు వసతి కల్పింపవలదా? పట్టణ విక్రయ సంఘములలో నూటికి 40కి తక్కువ కాకుండ విక్రయదారుల ప్రతినిధులుండవలెనని యా చట్టమే విధించినది. ఆ సంఘములలో కుళాయి, మురుగుకాలువల మాట మొదట రావలెనని మా యభిప్రాయము. తరిమిన బండి మఱియొక వీథికి, ఇంకను చెడ్డనీటికి పోవును. రోగము తొలగదు; ఒక కుటుంబము కూడు మాత్రము పోవును.

మన వంతు పనియును కలదు. వేడివే తినవలెను, గ్లాసు కడుగు నీటిని చూచి త్రాగవలెను. నీళ్ల విరేచనములు మొదలైనంతనే ఓ.ఆర్.ఎస్. పొడి దొరకనిచో, కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో 6 చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి త్రాగించుచు రోగిని వైద్యుని కడకు కొనిపోవలెను.

ఇకమీదట జాబు వ్రాయునపుడు బండిని తీసివేయుడని కాక, బండియొద్ద మంచినీటి కుళాయి పెట్టుడని వ్రాయుదము.