సరళ అసమీకరణములు: పటాన్‌చెరు నీటిలెక్క

చెంబెడు నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసినచో ఆ నీటిని నోట పెట్టలేము. ఆ నీటినే గంగాళములో పోసి నింపినచో ఉప్పదనము అంతగా తెలియదు. మరి ఉప్పు తగ్గినదా? తగ్గలేదు, పలుచబడినది. ఈ రెండింటికి గల భేదమును బీజగణితము రెండు గీతలతో చూపగలదు.

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు వద్ద, పలు కర్మాగారముల వ్యర్థజలమును ఒకచోట శుద్ధిచేయు కేంద్రము 1994లో పనిచేయ నారంభించినది. అచ్చట శుద్ధియైన నీరు మొదట నక్కవాగు మీదుగా మంజీరలో కలిసెడిది. తరువాత దానిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టముల ద్వారా హైదరాబాదు మురుగుకాల్వలోనికి మళ్లించిరి. ఆ నీరు అంబర్‌పేటలో నగరపు మురుగునీటితో కలిసి శుద్ధియై మూసీని చేరునట్లు ఏర్పాటు చేసిరి. సాధారణ శుద్ధివలన కుళ్లు పదార్థములు తగ్గును. కరిగియున్న లవణములు చాలవరకు అట్లే నిలుచును.

ఇట్టి కలయికను లెక్కకు తెత్తము. అంకెలు సౌలభ్యమునకై ఊహించినవి. రోజుకు వచ్చు కర్మాగారముల నీరు య ఘనమీటర్లు, మురుగునీరు ర ఘనమీటర్లు అనుకొందము. మొదటిదానిలో ఘనమీటరునకు 5 కిలోగ్రాముల లవణము, రెండవదానిలో 1 కిలోగ్రాము కలదు. కలిసిన నీటిలో ఘనమీటరునకు 2 కిలోగ్రాములు మించరాదు. అప్పుడు,

5య + ర ≤ 2(య + ర)

ఇరువైపుల నుండి 2య + ర తీసివేయగా, 3య ≤ ర.

సమీకరణమునందువలెనే ఇరువైపుల నుండి ఒకే రాశిని తీసివేయవచ్చును. ఋణసంఖ్యతో గుణించినప్పుడు మాత్రము గుర్తు తిరుగబడును.

ర = 3య అను గీత (0, 0), (1500, 4500) బిందువుల గుండా పోవును. గీత ఏ వైపు మనది? (0, 1000) బిందువును పరీక్షింపుడు: 0 ≤ 1000, నిజమే. కావున గీతయు, దానికి పైభాగమును మనవి. అనగా 1500 ఘనమీటర్ల కర్మాగారపు నీటికి 4500 ఘనమీటర్ల మురుగునీరు కలిపిన చాలును. నియమము నెరవేరినది!

కాని నదిని చేరు మొత్తమెంత? స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు కేంద్రమునుండి వెలువడిన నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని 2007లో ప్రకటించిరి. వినుటకు స్వల్పమే. రోజుకు సుమారు 1500 ఘనమీటర్ల నీటికి అది దాదాపు 45 కిలోగ్రాములు! ఆ నీటికి ఎంత నీరు కలిపినను ఈ బరువు తగ్గదు.

కావున రెండవ నియమము కావలెను. మన లెక్కలో రోజుకు మొత్తము లవణము 9000 కిలోగ్రాములు మించరాదనుకొందము:

5య + ర ≤ 9000

ఈ గీత (1800, 0), (0, 9000) బిందువులను కలుపును; దీనికి క్రిందిభాగము మనది. రెండు గీతలు కలియుచోట ర = 3య కనుక, 8య = 9000; య = 1125, ర = 3375. రెండు నియమములకు లోబడిన భాగము ఒక త్రిభుజము. దానిలో య విలువ 1125 దాటదు. 1500 ఘనమీటర్లకు చోటే లేదు. మురుగునీరు పెంచినకొలది రెండవ నియమము మరింత బిగియును.

ఇప్పుడు కర్మాగారములోనే లవణమును 5 నుండి 3 కిలోగ్రాములకు తగ్గించినారనుకొందము. నియమములు య ≤ ర, 3య + ర ≤ 9000 అగును. య = 1500 అయినచో, ర విలువ 1500 మొదలు 4500 వరకు ఎంతైనను ఉండవచ్చును. విద్యార్థులు గ్రాఫు కాగితముపై రెండు త్రిభుజములను గీచి పోల్చుకొనవలెను. కలుపు నీరు పెంచుట వలన తెరవని దారి, మాలిన్యమును పుట్టినచోటనే తగ్గించుట వలన తెరచుకొనును.