పక్షవాతపు వార్డులో నర్సు పని

పక్షవాతమను పేరునుబట్టి ఇది కాలుసేతులకు సోకిన వాతరోగమని మన పల్లెలలో పలువురు తలంతురు. కాని దాని మూలము మెదడునందున్నది. మెదడునకు నెత్తురు గొనిపోవు నాళము గడ్డచేత మూసికొనిపోయినను, పగిలి లోపల నెత్తురు చిమ్మినను, ఆ భాగము పని మానును. దానికి లోబడిన చేయియో, కాలో, మాటయో పడిపోవును. మొదటి విధమే ఎక్కువ. పైకి రెండును ఒక్కతీరుగనే కనబడును గాన, సీ.టీ. స్కాను తీయనిదే వైద్యుడు సైతము నిశ్చయింపజాలడు.

గడ్డను కరగించు ఆల్టెప్లేజ్ అను మందు 3 గంటలలో నిచ్చినచో మేలుచేయునని 1995లో అమెరికా పరిశోధకులును, 4½ గంటలవరకును పనిచేయునని 2008లో ఐరోపావారును చూపిరి. నెత్తురు చిమ్మినవానికి అదే మందు ప్రాణాంతకము. కావున రోగి వచ్చినతోడనే బంధువులను మేమడుగునది యొకటే: ఇతడు బాగుగా నుండగా చివరిసారి చూచినదెవరు, అప్పుడెన్ని గంటలు? రాత్రి బాగుగ పరుండి, తెల్లవారి మూతి వంకరయై లేచినవానికి సాధారణముగా పరుండిన వేళనుండియే లెక్క. కమలాపురమునుండి కడప దూరమేమియు కాదు. 108 బండియు పిలిచిన వచ్చుచునే యున్నది. అయినను నాటుమందని కొంత, తెల్లవారనిమ్మని కొంత, ఇంటివద్దనే ఆ గంటలు గడచిపోవుట చూచి మేము పడు దుఃఖము చెప్పనలవికాదు.

మందెక్కించిన పిదప వైద్యుడు వేరొక రోగికడకు పోవును. నర్సు మాత్రము కదలరాదు. మొదటి 2 గంటలు 15 నిమిషములకొకసారి, తరువాత 6 గంటలు అరగంటకొకసారి, ఆపైన దినము నిండువరకు గంటకొకసారి రక్తపుపోటు చూడవలయును. పైలెక్క 180గాని, క్రిందిలెక్క 105గాని దాటరాదు. కనుపాపలమీద దీపము వేసి చూతుము, పేరు చెప్పుమందుము, మా చేయి పిండుమందుము. 1974లో గ్లాస్గో నగరపు వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ అనువారు ఏర్పరచిన కొలతలో పూర్ణస్మృతి గలవానికి 15, ఏ స్పందనయు లేనివానికి 3. లెక్క తగ్గినను, రోగి తలనొప్పియని మూలిగినను, వాంతిచేసికొనినను తక్షణమే వైద్యుని పిలుతుము.

ఇక నీటి సంగతి. ఎండలు మండు మన సీమలో దాహమన్నవానికి నీరు కాదనుటకంటె పాపము లేదందురు. అయినను మా వార్డులో మొదటి కట్టడి అదియే: మింగుట పరీక్షింపనిదే నోట ఏదియు పోయరాదు, మాత్ర సయితము వేయరాదు. గొంతు కండరములు చెడినవానికి నీరు ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియా కలిగించును. ఒక్కొక్కప్పుడు దగ్గయినను రాకుండ దిగును. అందుచే రోగిని నిటారుగ కూర్చుండబెట్టి, చెంచాడు నీరిచ్చి, గొంతు కదలునో లేదో, దగ్గునో, స్వరము తడిసినట్లు మారునో కనిపెట్టుదుము. బాగుగ మింగనిచో ముక్కుగుండ గొట్టము వేయవలసివచ్చును. తల్లి కొడుకునకు చాటుగా పాలు పోయబోవుట మేమెరుగనిది కాదు. ఆమెపై కోపింపము; గ్లాసు మాత్రము తీసికొందుము.

ఇది చిన్నపనియని యెంచువారు ఆస్ట్రేలియాలో సాండీ మిడిల్టన్ అను నర్సు ఆచార్యురాలు తోడివారితో గూడి 2011లో ప్రకటించిన పరిశోధనను చూడదగును. 19 పక్షవాతపు వార్డులను రెండుగా విభజించి, ఒక భాగమున నర్సులు జ్వరము, నెత్తుటి చక్కెర, మింగుట అను మూటిని మొదటి 3 దినములు క్రమముగ కనిపెట్టునట్లు చేసిరి. 90 దినములకు మరణించినవారును, పరులపై నాధారపడినవారును ఆ వార్డులలో నూటికి 42, తక్కినవానిలో 58. క్రొత్త మందేదియు లేదని చదువరులు గమనింతురుగాక.

తక్కిన పనులలో బంధువుల చేయియు వలయును. కదలలేనివానిని 2 గంటలకొకసారి ప్రక్క మార్చనిచో వీపున పుండ్లు పడును. లేపునపుడు పడిపోయిన చేతిని పట్టి లాగినచో భుజము జారును. మాట పోయినవారిలో అనేకులకు వినికిడియు తెలివియు నిలిచియే యుండును. మంచముచెంత అప్పుల మాట, పంపకముల మాట ఆడవద్దని మేము వారింతుము. కొడుకు పేరు పలుకలేక కన్నీరు పెట్టుకొను తండ్రిని తొందరపెట్టక, ఔను కాదు అని తలయూచుటకు వీలగు ప్రశ్నలే అడుగవలయును.

మింగుట కొంత కుదిరిన పిదప మొదట చిక్కని జావ చెంచాతో, ఒక్కొక్క గుక్క దిగినదని చూచుకొని ఇత్తుము. సంగటిముద్ద ఎప్పుడు పెట్టవచ్చునని మన ప్రాంతపువారు దినమునకు పదిమార్లడుగుదురు. దానికి మరల పరీక్ష కావలయును.