లెక్కల గడుల్లో మన వాడ: స్ప్రెడ్‌షీట్‌ని ప్రశ్న అడగడం

జనాభా లెక్కల ఫైలు తెరిచి మన మండలం వెతుక్కుందామని కూర్చున్న ఎవరికైనా అరగంటలో కళ్ళు తిరుగుతాయి. 2011 సెన్సస్ ప్రాథమిక పట్టిక గ్రామాల వారీగా ఎక్సెల్ ఫైళ్ళలో ఉచితంగానే దొరుకుతుంది. వేల వరసలు, డజన్ల కొద్దీ కాలమ్‌లు. అందులో ఎస్సీ జనాభా ఉంది, అక్షరాస్యులున్నారు, వ్యవసాయ కూలీలున్నారు. ఇన్నాళ్ళూ మనం చేసిందేమిటి? వరస వరసా కిందకి జరుపుకుంటూ పోయి కనపడ్డ అంకె నోటుపుస్తకంలో రాసుకున్నాం. లేదంటే కంప్యూటర్ తెలిసినవాళ్ళని బతిమాలుకున్నాం. వాళ్ళిచ్చిందే లెక్క అయి కూర్చుంది. ఆ బతిమాలుకోవడం తప్పాలనే ఇది రాస్తున్నాం.

క్వెరీ అంటే ప్రశ్న, అంతకంటే బ్రహ్మవిద్య ఏమీ లేదు. డేటాబేస్‌లని అడగడానికి 1970లలో ఐబీఎం పరిశోధకులు ఎస్‌క్యూఎల్ అనే భాష తయారుచేశారు. దానిలాంటి చిన్న భాషే గూగుల్ షీట్స్‌లో క్వెరీ అనే ఫార్ములాగా ఉంది. వీలుకప్ ఉంది కదా అని కొందరు మిత్రులంటారు. అది మొదట దొరికిన ఒక్క వరస దగ్గరే ఆగిపోతుంది. మనకి కావలసింది ఒక ఊరు కాదు, షరతుకి సరిపడే ఊళ్ళన్నీ.

ఒక ప్రశ్న వేసి చూద్దాం. జిల్లాలో ఎస్సీలు నూటికి నలభై మంది కంటే ఎక్కువున్న ఊళ్ళు ఏవి? మా ఫైల్లో జీ కాలమ్‌లో స్థాయి, హెచ్‌లో ఊరి పేరు, కేలో మొత్తం జనాభా, క్యూలో ఎస్సీ జనాభా ఉన్నాయి. మీ ఫైల్లో అక్షరాలు మారొచ్చు, చూసుకోండి. ఫార్ములాలో ముందు డేటా ఉన్న గడుల హద్దు ఇచ్చి, తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య ఇలా రాయాలి: సెలెక్ట్ హెచ్, కే, క్యూ వేర్ జీ = 'విలేజ్' అండ్ క్యూ > కే * 0.4 ఆర్డర్ బై క్యూ డెస్క్. టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. సెలెక్ట్ అంటే ఏ కాలమ్‌లు కావాలి, వేర్ అంటే ఏ షరతు మీద, ఆర్డర్ బై అంటే ఏ వరసలో. డెస్క్ అంటే పెద్ద అంకె ముందు. ఈ వరస తారుమారైతే ఫార్ములా ఒప్పుకోదు. విలేజ్ అనే మాట ఫైల్లో పెద్దక్షరాల్లో ఉంటే మనమూ పెద్దక్షరాల్లోనే రాయాలి, లేకపోతే ఖాళీ గడులు చూపించి ఊరుకుంటుంది.

జీ షరతు ఎందుకంటారా? మేం మొదటిసారి అది పెట్టకుండా క్యూ కాలమ్ మొత్తం కూడేశాం. జిల్లాలో ఉన్నవాళ్ళకి ఎన్నో రెట్లు ఎస్సీలు తేలారు! అదే ఫైల్లో జిల్లా వరస ఉంటుంది, మండలాల వరసలుంటాయి, వాటికింద ఊళ్ళుంటాయి. జిల్లాకీ మండలానికీ మళ్ళీ మొత్తం అని ఒకటి, గ్రామీణం అని ఒకటి, పట్టణం అని ఒకటి. ఒకే మనిషి ఇన్నిచోట్ల ఉంటాడు. ఇలాంటి అంకె కరపత్రంలోకి ఎక్కితే అవతలివాళ్ళు మన డిమాండ్ సంగతి వదిలేసి మన కూడిక మీద పడతారు.

2021లో జరగాల్సిన జనాభా లెక్కలు ఆ ఏడు జరగలేదు కనక ఊరి స్థాయిలో ఈ పట్టికే వాడుకుంటున్నాం. అందులో ఉన్నవి ఉమ్మడి రాష్ట్రపు 23 జిల్లాలు. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు చీలాయి. మన ఊరు పాత జిల్లా ఫైల్లో వెతకాలి.

ఇక మన సొంత సర్వేల సంగతి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. భూమి కాలమ్‌లో కొందరు సర్వేదారులు 1, 0.5 అని అంకె వేస్తారు. భూమి లేని ఇంటికి "లేదు" అని మాట రాస్తారు. ఒక కాలమ్‌లో అంకెలూ మాటలూ కలిసి ఉంటే క్వెరీ ఏవి ఎక్కువుంటే వాటినే లెక్కలోకి తీసుకుని, తక్కువున్నవాటిని ఖాళీ కింద జమకడుతుంది. ఎర్ర గుర్తు ఉండదు, హెచ్చరిక ఉండదు. ఎకరం లోపు వాళ్ళెవరని అడిగితే భూమి లేనివాళ్ళు ఆ జాబితాలో రారు! పది ఇళ్ళు అనుకోండి. ఆరింటికి ఎకరం చొప్పున ఉంది, నాలుగింటికి "లేదు". సగటు అడిగితే యంత్రం ఒక ఎకరం అంటుంది. నిజం 0.6 ఎకరాలు. ఊళ్ళో లేని నాలుగు ఎకరాలు కాగితం మీద పుట్టుకొస్తాయి. భూమి లేనివాళ్ళని పట్టించుకోలేదని ప్రభుత్వాన్ని తిట్టే మనం మన షీట్‌లోనే వాళ్ళని మాయం చేసినట్టయింది.

విరుగుడు కష్టమేం కాదు. "లేదు" బదులు 0 వేయాలి. అడగని ఇల్లు, చెప్పని ఇల్లు మాత్రం 0 కాదు, ఖాళీగానే ఉంచాలి. తర్వాత ఎకరం లోపు ఎన్ని ఇళ్ళు, ఎకరం, ఆ పైన ఎన్ని ఇళ్ళు అని రెండు ప్రశ్నలు వేసి కూడండి. మొత్తం ఇళ్ళకి తక్కువొస్తే ఆ తేడా జారిపోయినవాళ్ళది. వేర్ పక్కన ఆ కాలమ్ పేరు, ఈజ్ నల్ అని రాస్తే వాళ్ళు బయటపడతారు. ఆ ఇళ్ళకి మళ్ళీ నడిచి వెళ్ళాల్సిందే.

మండలాల వారీగా మొత్తాలు కావాలంటే గ్రూప్ బై ఉంది. ఎక్సెల్‌లో ఈ పనికి పవర్ క్వెరీ ఉంది. లిబ్రేఆఫీస్ వాడేవాళ్ళు బేస్ ద్వారా షీట్‌ని డేటాబేస్‌లా అడగొచ్చు. పద్ధతులు వేరైనా ఆలోచన ఒకటే.

ఒకటి మాత్రం ఏ ఫార్ములా వల్లా కాదు. గ్రామ పట్టికలో వ్యవసాయ కూలీల అంకె అన్ని కులాలదీ కలిపి ఉంటుంది. పక్కనే ఎస్సీ జనాభా ఉంది కదా అని రెండూ కలిపి "ఇంతమంది ఎస్సీ కూలీలు" అని రాయకూడదు. మాలవాడ, మాదిగగూడెం అని వేరే వరస కూడా ఆ పట్టికలో ఉండదు, ఊరంతా ఒకే గీత. వాడ లెక్క కావాలంటే మనమే ఇంటింటికీ తిరిగి రాసుకోవాలి.