బాడుగ రాబడి, భోగ్యం బాకీ

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో సొంత ఇల్లు అమరిన తరువాత కలిగే కోరిక చాలామందికి ఒక్కటే: బాడుగకు ఇవ్వడానికి మరొక ఇల్లు. నెలనెలా చేతికి డబ్బు వస్తుంది, స్థలం విలువ పెరుగుతుంది, ఉద్యోగ విరమణ తరువాత పిల్లల మీద ఆధారపడే అవసరం ఉండదు అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. అది నిరాధారమైనది కాదు. ఒక తరం క్రితం అనంతపురం, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల నుంచి వచ్చి, ముప్పై నలభై సైటు కొని, కింద ఒక వాటా కట్టి అందులో నివసిస్తూ, డబ్బు చేరినప్పుడల్లా పైన ఒక అంతస్తు లేపినవారు ఈ మార్గాననే నిలదొక్కుకున్నారు. కాని వారు స్థలం కొన్ననాటి వెలకూ నేటి వెలకూ పోలిక లేదు. వారు కొద్దిపాటి అప్పుతో ఏళ్ల తరబడి కట్టుకుంటూ వచ్చారు. నేడు కొనేవారిలో ఎక్కువమంది ధరలో ముప్పాతిక భాగం బ్యాంకు నుంచి తెచ్చి ఒకేసారి కొంటున్నారు. అందువలన పెద్దల అనుభవాన్ని గౌరవిస్తూనే లెక్కను మాత్రం కొత్తగా వేసుకోవలసి ఉన్నది.

వచ్చేది, మిగిలేది

ఉదాహరణకు ఒక ఫ్లాటు ధర 60 లక్షల రూపాయలనుకుందాం. కర్ణాటకలో 45 లక్షలకు మించిన ఆస్తిపై స్టాంపు డ్యూటీ 5 శాతం. దానిపై విధించే సెస్సు, సర్‌చార్జీ కలిపితే నగర ప్రాంతంలో 5.6 శాతం అవుతుంది. రిజిస్ట్రేషను రుసుము 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం. ఈ రెండూ కలిసి 4 లక్షల 56 వేలు. అంటే ఇల్లు కొన్నవారి చేతి నుంచి వెళ్లిన సొమ్ము 64 లక్షల 56 వేలు. ఇంటికి నెలకు 18 వేలు బాడుగ వస్తే ఏడాదికి 2 లక్షల 16 వేలు. అందులో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటుందని 18 వేలు, ఆస్తి పన్నుకు 6 వేలు, సున్నం, రంగులు, కుళాయి మరమ్మతులకు సగటున 14 వేలు తీసివేస్తే మిగిలేది 1 లక్ష 78 వేలు. పెట్టుబడిపై ఇది 2.8 శాతానికి కూడా చేరదు.

ఇక అప్పు సంగతి. 45 లక్షలను 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెలసరి కంతు 39 వేలు దాటుతుంది. 18 వేల బాడుగ పోను తక్కిన 21 వేలు జీతం నుంచే కట్టాలి. "బాడుగే కంతు కడుతుంది" అన్న మాట దళారుల నోట తరచు వినిపిస్తుంది గాని, నేటి ధరలలో అది సగానికి మించి నిజం కాదు.

అలాగైతే ఈ మార్గంలో సంపద ఎక్కడ చేరుతుంది? రెండు చోట్ల. అప్పు అసలు తీరినకొద్దీ ఆస్తిలో యజమాని సొంత భాగం పెరుగుతుంది. నేల విలువ పెరిగితే ఆ పెరుగుదల అంతా అతనిదే. పెరిగేది నేల విలువ. కట్టడం ఏటేటా పాతబడుతుంది. కనుక ఫ్లాటు కొనేటప్పుడు హంగుల కన్నా ముందు చూడవలసినది క్రయపత్రంలో రాసిన అవిభక్త భూభాగం ఎన్ని చదరపు అడుగులన్నది. ముప్పై నలభై సైటు అంటే 1,200 చదరపు అడుగుల నేల. పెద్ద ఫ్లాటు సముదాయంలో ఒక్కొక్క ఇంటికి దక్కేది దానిలో స్వల్ప భాగం మాత్రమే. పాత తరంవారు సంపన్నులైనది బాడుగ వలన కన్నా ఆ నేల వలననే.

భోగ్యం అనే అప్పు

నెలసరి బాడుగ చాలని యజమాని తరచు ఆశ్రయించే ఏర్పాటును నగరంలో లీజు అనీ, కన్నడంలో భోగ్యమనీ అంటారు. కిరాయిదారు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తాడు. రెండు మూడేళ్లు బాడుగ లేకుండా నివసిస్తాడు. గడువు తీరాక ఇచ్చిన మొత్తం వడ్డీ లేకుండా తిరిగి తీసుకొని ఖాళీ చేస్తాడు. తెలుగులో భోగ్యమన్న మాట పొలాల విషయంలో పాతదే. అప్పిచ్చినవాడు వడ్డీకి బదులు భూమి ఫలసాయాన్ని అనుభవించే తాకట్టుకు అది పేరు. లీజు అన్న మాట వినగానే రాబడి వచ్చినట్లు తోస్తుంది గాని, భోగ్యమన్న మాటలోనే ఇది అప్పు అన్న సంగతి ఉన్నది.

ఆ అప్పుకు వడ్డీ ఎంతో చూడవచ్చు. నెలకు 12 వేలు పలికే వాటాను 10 లక్షలకు భోగ్యానికి ఇస్తే యజమాని ఏడాదికి 1 లక్ష 44 వేల బాడుగను వదులుకుంటున్నాడు. అంటే 14.4 శాతం వడ్డీకి డబ్బు తెచ్చినట్లు. గృహరుణం అంతకన్నా ఎంతో చవకగా దొరుకుతున్నప్పుడు ఈ అప్పు ఎందుకు చేస్తారన్నది సహజమైన ప్రశ్న. సాధారణంగా ఇందుకు కారణం కాగితాలలో ఉంటుంది. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్పించకుండానే విడగొట్టి అమ్మిన రెవెన్యూ సైట్లు, వాటికి ఇచ్చిన బీ ఖాతాలు నగరం అంచుల్లో అనేకం. వాటిపై రుణమివ్వడానికి చాలా బ్యాంకులు ముందుకు రావు. దాంతో యజమాని కింది రెండు వాటాలను భోగ్యానికి ఇచ్చి, వచ్చిన 20 లక్షలతో పై అంతస్తు కడతాడు. మూడేళ్ల తరువాత ఆ 20 లక్షలు తిరిగి ఇవ్వాలంటే పై అంతస్తునూ భోగ్యానికి ఇవ్వాలి, లేదా కొత్తవారి సొమ్ము తెచ్చి పాతవారికి ఇవ్వాలి. అన్ని అంతస్తులూ నిండి ఉన్నా నెలకు ఒక్క రూపాయి బాడుగ రాని ఇళ్లు ఇలాగే ఏర్పడతాయి. కొత్త కిరాయిదారు దొరకడం రెండు నెలలు ఆలస్యమైతే చాలు, పాతవాడు ఇల్లు వదలడు, యజమాని సొమ్ము ఇవ్వలేడు.

ఈ ఇబ్బంది యజమానితోనే ఆగదు. భోగ్యానికి 10 లక్షలు ఇచ్చిన కిరాయిదారు కూడా తరచు ఊరిలో ఎకరం అమ్మి వచ్చినవాడే. ఇల్లు అప్పటికే బ్యాంకు తాకట్టులో ఉండి, యజమాని కంతులు కట్టకపోతే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు దానిని స్వాధీనం చేసుకోగలదు. బ్యాంకు అనుమతి లేకుండా ఇచ్చిన భోగ్యాన్ని బ్యాంకు గుర్తించనవసరం లేదు. ఇల్లు ఖాళీ చేసిన తరువాత ఆ సొమ్ము కోసం తిరగవలసినది యజమాని చుట్టూనే.

ఒప్పందం రాసుకోవలసిన తీరు

ఏడాదికి మించిన గడువు గల లీజును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. బాడుగ ఒప్పందాలను 11 నెలలకు రాసుకునే ఆచారం దీనిని తప్పించుకోవడానికే వచ్చింది. భోగ్యం రెండు మూడేళ్లకు కనుక దానికి ఆ వెసులుబాటు లేదు. అయినా స్టాంపు కాగితంపై రాసుకొని ఊరుకునేవారే ఎక్కువ. సొమ్మును బ్యాంకు ద్వారానే ఇచ్చి పుచ్చుకోవాలి. 2 లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా స్వీకరించడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది.

1999 నాటి కర్ణాటక బాడుగ చట్టం బెంగళూరులో నెలకు 3,500 రూపాయలకు మించిన బాడుగలకు వర్తించదు. అంటే నేటి ఇళ్లలో దాదాపు అన్నిటికీ ఆధారం ఒప్పంద పత్రమే. బాడుగ ఏటా ఎంత పెరుగుతుంది, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్సులో రంగులకు ఎంత పట్టుకుంటారు అన్నవి అందులో లేకపోతే మరెక్కడా ఉండవు. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల బాడుగను మించరాదని కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా చట్టం చెబుతున్నది గాని, రాష్ట్రాలు స్వీకరించినప్పుడే అది అమలవుతుంది. అడ్వాన్సు రెండు నెలలదైనా పది నెలలదైనా అది కిరాయిదారు సొమ్మే. దానిని ఖర్చు చేసుకున్న యజమాని భోగ్యపు యజమాని బాటలోనే ఉన్నాడు, కాకపోతే చిన్న మొత్తంతో.

పన్నులు

ఆస్తి పన్నును 2008 నుంచి బెంగళూరులో యజమానులే స్వయంగా లెక్కించి ప్రకటిస్తున్నారు. సొంత నివాసానికన్నా బాడుగకు ఇచ్చిన భాగానికి రేటు ఎక్కువ. నాలుగు వాటాలను బాడుగకు ఇచ్చి అన్నిటినీ సొంత నివాసమని ప్రకటించడం అసాధారణమేమీ కాదు; విద్యుత్తు మీటర్ల సంఖ్యే దానిని బయటపెడుతుంది. అప్పుడు తేడాతో పాటు జరిమానా, వడ్డీ కట్టవలసి వస్తుంది.

ఆదాయపు పన్నులో బాడుగ మొత్తం నుంచి యజమాని కట్టిన ఆస్తి పన్నును, ఆ తరువాత మిగిలినదానిలో 30 శాతాన్ని మినహాయిస్తారు. నిజంగా మరమ్మతులు చేయించారా లేదా అని అడగరు. అప్పుపై వడ్డీని కూడా తీసివేయవచ్చు. ఆ విధంగా వచ్చే నష్టాన్ని పాత పన్ను విధానంలో జీతం నుంచి ఏడాదికి 2 లక్షల వరకు తగ్గించుకోవచ్చు, కొత్త విధానంలో ఆ సౌకర్యం లేదు. పన్ను ఆదా అవుతుందన్న ఆశతో రెండవ ఇల్లు కొనేవారు తాము ఏ విధానంలో ఉన్నారో ముందు చూసుకోవడం మేలు. అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న బంధువుల ఫ్లాటులో బాడుగకు ఉంటున్నవారు తెలుసుకోవలసినది మరొకటి ఉన్నది: యజమాని ప్రవాసి అయితే బాడుగ ఎంత తక్కువైనా పన్నును మూలంలోనే, 30 శాతానికి పైగా, తగ్గించి కట్టవలసిన బాధ్యత కిరాయిదారుదే.

కొనేముందు

ఆంధ్ర, తెలంగాణలలో ఖాతా సంఖ్య అనగానే పట్టాదారు పాసుపుస్తకం గుర్తుకు వస్తుంది. ఇక్కడ ఖాతా అంటే ఆస్తి పన్ను కోసం నగరపాలక సంస్థ ఉంచే లెక్క మాత్రమే. అది హక్కు పత్రం కాదు. 2024 అక్టోబరు నుంచి నగరంలో ఆస్తి రిజిస్ట్రేషనుకు ఈ ఖాతా ఉండవలసి ఉన్నది. హక్కును నిరూపించేవి రిజిస్టరైన క్రయపత్రాలు, వాటి వెనుకటి మూల దస్తావేజులు. తాకట్టులు, పాత అమ్మకాలు తెలియడానికి కావేరి పోర్టలులో రుణభార పత్రం తీసుకోవచ్చు. ఇక కట్టడానికి స్వాధీనానుమతి పత్రం ఉన్నదా అన్నది అడగకుండా ముందుకు పోరాదు. ఆ పత్రం చూసిన తరువాతనే విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది.

రుణభార పత్రంలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. స్టాంపు కాగితంపై రాసుకున్న భోగ్యాలు అందులో ఉండవు. బాడుగ వాటాలతో ఉన్న ఇంటిని కొనేవారు బయానా ఇవ్వకముందే ఒక్కొక్క వాటా తలుపు తట్టి, లోపల ఉన్నవారు నెలనెలా బాడుగ కడుతున్నారా, భోగ్యానికి ఉన్నారా, ఎంత ఇచ్చారు, గడువు ఎప్పటికి అన్నవి అడిగి తెలుసుకోవాలి. ఆ మొత్తాలన్నిటినీ ధరలో తగ్గించుకొని, వాటిని ఎవరు తిరిగి ఇస్తారో క్రయపత్రంలోనే రాయించుకోవాలి.