రోగక్రిములు ఏ ద్వారాన ప్రవేశిస్తాయి?

గౌడవెల్లిలో రైలెక్కితే గుండ్లపోచంపల్లి, బొల్లారం దాటి సికింద్రాబాద్ చేరుకుంటాం. అక్కడికి సమీపంలోని బేగంపేటలో ఒక పాత భవనం ఉంది. మలేరియా క్రిమి ఏ దారిన ప్రయాణిస్తుందో ప్రపంచానికి తొలి ఆధారం లభించింది అక్కడే.

రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించుకునేందుకు ఒప్పించాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చెల్లించాడు. 1897 ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని ఉదరాన్ని కోసి చూడగా, జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. హుసేన్ ఖాన్ రక్తం లేనిదే ఆ పరిశోధన లేదు. అయినా ఆయన్ను స్మరించేవారు బహు తక్కువ.

ఇందులో మేము ముఖ్యంగా చెప్పదలచింది మరొకటి. దోమలు నీటిలో పడి చనిపోతాయనీ, ఆ నీటిని త్రాగినవారికి జ్వరం వస్తుందనీ రాస్ మొదట్లో భావించాడు. అటువంటి నీటిని కొందరిచేత త్రాగించి కూడా చూశాడు (నేటి వైద్యనీతి దీన్ని ఎంతమాత్రం సమ్మతించదు). మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షులపై పరిశోధించినప్పుడు, క్రిములు దోమ లాలాజల గ్రంథులకు చేరుతాయని తేలింది. అంటే అవి ప్రవేశించే ద్వారం నోరు కాదు, చర్మం! ద్వారమేదో తెలియనంతకాలం మనిషి తప్పు తలుపుకు గడియ పెడుతూనే ఉంటాడు.

చర్మం నిజానికి పటిష్ఠమైన కోట. గాయమైతేనో, కుక్క కరిస్తేనో, దోమ సూది గుచ్చితేనో దానికి కంత పడుతుంది. ధనుర్వాతం, రేబిస్, డెంగీ ఆ దారినే వస్తాయి. కలరా, టైఫాయిడ్ నీటితో, ఆహారంతో, కడగని చేతులతో నోటిద్వారా చేరుతాయి. క్షయ, తట్టు, ఫ్లూ శ్వాసతో వస్తాయి. ముక్కులోని వెంట్రుకలు, జిగట, జీర్ణాశయంలోని ఆమ్లం అల్లాహ్ మనకు ప్రసాదించిన కావలివారు. అయితే కావలి ఉందని తలుపులు తెరచి నిద్రించం కదా!

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తుమ్మేటప్పుడు ముఖాన్ని కప్పుకునేవారు. నిద్ర లేచాక చేతులు కడగనిదే నీటిపాత్రలో ముంచవద్దని, రాత్రివేళ పాత్రలపై మూతలు ఉంచమని బోధించారు. ఈ హదీసులను సూక్ష్మజీవశాస్త్ర పాఠాలుగా చదవమని మేము అనడం లేదు. వాటిని ఆచరించే ఇంట్లో క్రిములకు దారులు తగ్గుతాయని మాత్రం నిస్సందేహంగా చెప్పగలం. వుజూలో నోరు, ముక్కు, చేతులు రోజుకు అనేకసార్లు శుభ్రమవుతాయి. అలాగని మరుగుదొడ్డికి వెళ్ళివచ్చాక సబ్బు అక్కరలేదనుకోవడం పొరపాటు.

ఇక మన ముంగిళ్ళలోని నీళ్ళ డ్రమ్ముల మాట. మురుగులోనే దోమలు పుడతాయని చాలామంది నమ్మకం. డెంగీ దోమకు కావలసింది మనం దాచుకున్న మంచినీరే. అది కుట్టేది కూడా ఎక్కువగా పగటిపూటే. కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. దాని గుడ్లు డ్రమ్ము లోపలి గోడకు అంటుకొని, నీళ్ళు లేకున్నా నెలల తరబడి బ్రతుకుతాయి. ఊరికే నీరు పారబోస్తే అవి పోవు. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుచేత ప్రతి శుక్రవారం గుస్ల్‌కు ముందే డ్రమ్మును ఖాళీ చేసి, లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది, ఎండబెట్టి, మళ్ళీ నింపాక సందు లేకుండా మూత బిగించండి. మూత సరిపోకపోతే పాత నూలు చీరను రెండు మడతలు వేసి కట్టినా సరిపోతుంది.