మాట తేడాగా ఉండి ఫిట్స్ వస్తే

ఇరవై ఏళ్ల ఆడపిల్ల. నాలుగు రోజులు జ్వరం, తలనొప్పి అంటుంది. తర్వాత నిద్రపోదు. ఎవరో పిలుస్తున్నారంటుంది, కన్నతల్లినే అనుమానిస్తుంది. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో దీన్ని చిల్లంగి అంటారు, లేదా పిచ్చి అంటారు. మంత్రగాడి దగ్గర వారం గడిచేసరికి ఫిట్స్ మొదలవుతాయి. మూతి, నాలుక అదేపనిగా కదులుతుంటాయి, మాట పడిపోతుంది. అప్పుడు ఆసుపత్రికి తెస్తారు.

ఇది చిల్లంగి కాదమ్మా. రోగక్రిములతో పోరాడవలసిన మన రక్షణ శక్తి ఒక్కోసారి పొరపాటున సొంత మెదడు మీదే తిరగబడుతుంది. దీన్ని ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అంటారు. పైన చెప్పిన రకానికి కారణమైన యాంటీబాడీలను 2007లో అమెరికాలో డాక్టర్ జోసెప్ డాల్మో బృందం గుర్తించింది. కొందరు స్త్రీలలో అండాశయంలోని గడ్డ దీనికి మూలం, అందుకే పొట్ట స్కానింగ్ కూడా చేయిస్తారు. గడ్డ ఉంటే తీసేయాలి.

పెద్ద వయసువారిలో మరో రకం ఉంది. ముఖం, అదే పక్క చేయి ఒక్క క్షణం లాగి వదిలేస్తాయి. రోజుకు ఎన్నోసార్లు వస్తుంది, మతిమరుపూ తోడవుతుంది. ఇంట్లో వాళ్లు వయసు మీద పడిందని ఊరుకుంటారు.

జ్వరంతో ఫిట్స్ వస్తే డాక్టరు గారు ముందు మెదడువాపు, టీబీ వంటివి చూస్తారు. ఏజెన్సీ నుంచి వచ్చినవారికి మలేరియా పరీక్ష తప్పదు. తర్వాత వెన్నులో నీరు తీయాలంటారు. ఇక్కడే గొడవ. నడుం పడిపోతుందని సంతకం పెట్టరు. ఎంతమందిని బతిమాలానో! తీసేది చెంచాడో రెండు చెంచాలో, అది మళ్లీ ఊరుతుంది. ఎమ్మారై మామూలుగా వచ్చినా ఈ జబ్బు లేదని అనుకోకూడదు.

ఫిట్స్ మాత్రలొక్కటే దీనికి చాలవు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి అవసరమవుతాయి. ఇవి ఖరీదైనవి. విశాఖ కేజీహెచ్ న్యూరాలజీకి రాసిస్తే ఆలస్యం చేయకండి, అక్కడ ఆరోగ్యమిత్రను కలిసి కార్డు చూపించండి. త్వరగా మందు పడితే చాలామంది కోలుకుంటారు, కాని నెలలు పడుతుంది. మళ్లీ రావచ్చు కూడా, మందులు మధ్యలో మానకూడదు.

ఫిట్స్ వచ్చినప్పుడు తాళాలు పెట్టకండి, నోట్లో నీళ్లు పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. వీలైతే ఒకరు ఫోనులో వీడియో తీయండి. మనిషి తీరు ఏ రోజు నుంచి మారిందో కాగితం మీద రాసి తెండి, డాక్టరు గారు మొదట అడిగేది అదే.